కొంగ రికార్డు, రెండో పక్క చివర

ఏప్రిల్ 3

బావగారికి నమస్కారాలు.

మొన్న అక్క ఫోన్ చేసి మాటల మధ్యలో ఒక సంగతి జారవిడిచింది. మీరు మన కొంగ రికార్డుకి, అదే అట్ట మీద కొంగ బొమ్మ ఉన్నదానికి, కొత్తగా వేసిన అచ్చు కొన్నారట. రాతిపలకంత బరువుందట. మా నాన్న కాపీ దీని ముందు దిగదుడుపేనని అన్నారట. అది విన్న దగ్గర్నుంచీ నాకు దుకాణంలో చెయ్యి ఆడటం లేదు. నిన్న ఒకావిడ కళ్ళజోడుకి ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. ఆవిడ గుమ్మం దాటేలోపే తిరిగొచ్చింది.

మీకు గుర్తుందో లేదో, పెళ్ళైన కొత్తలో ఆ రికార్డు మొదటిసారి విని, 'పక్కంతా ఒకటే పాటేమిట్రా, మధ్యలో లేచెళ్ళి భోంచేసి రావచ్చు' అన్నది మీరే. ప్రోగ్రెసివ్ రాక్ అంటే సంగీతంలో ఒక రకమని తెలియక, అదేదో రోడ్లు వేసే రాయనుకున్నారు. ఆర్గాన్ ఎక్కడ తగ్గుతుందో, వేణువు ఎక్కడ అందుకుంటుందో, డ్రమ్ములు లెక్క తప్పినట్టే తప్పి మళ్ళీ ఎక్కడ దారిలోకి వస్తాయో మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని చెబితేనే మీకు తెలిసింది. నాకు మాత్రం అలా ఎవరూ చెప్పలేదు. నేను వెనక గదిలో చదువుకుంటున్నట్టు నటిస్తూ, గోడ ఇవతలనుంచి నేర్చుకున్నాను.

ఆయన పోతూ పోతూ ప్లేయరు మీకిచ్చారు, రికార్డులు నాకిచ్చారు. ఎద్దు ఒకడికి, కాడి ఒకడికి ఇచ్చినట్టుంది ఆ పంపకం. నా దగ్గరున్నది మొట్టమొదటి అచ్చు. దాన్ని నా చవక ప్లేయరు మీద తిప్పుతున్నాను. మీరేమో మా నాన్న ప్లేయరు మీద నిన్న మొన్న పుట్టిన అచ్చు తిప్పుతున్నారు. ఇలా ఎన్నాళ్ళు?

అందుకని ఒక పందెం. నా కాపీలో నాకు వినబడి, మీ కాపీలో మీకు వినబడనిది ఉంటే ప్లేయరు నాది. మీ దాంట్లో వినబడి నా దాంట్లో వినబడనిది ఉంటే డిస్కు మీది. ఎవరికి వారే వినాలి. మాట మీద నిలబడాలి.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


ఏప్రిల్ 14

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం చదివి మీ అక్కకి ఇచ్చాను. 'వాడు చిన్నప్పుడు జామకాయ ముక్కలు కూడా కొలిచి తీసుకునేవాడు' అని నవ్వింది. నీ పందెం ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోకపోతే భయపడ్డానంటావు.

ఉత్తరాల్లోనే కానిద్దాం. ఈమధ్య ఫోనులో నీ మాట నూతిలోంచి వస్తున్నట్టుంటోంది. నువ్వు గొణుగుతావు. మీ వంశంలో ఎవరికీ నోరు తెరిచి మాట్లాడటం రాదు. పళ్ళ డాక్టరుగా చెబుతున్నాను, నోరు తెరవడంలో నామర్దా ఏమీ లేదు.

ఇక నా అచ్చు సంగతి. లావు తీగల బేస్ గిటార్ మోగితే టీపాయి మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. డ్రమ్ము దెబ్బ పడితే నా గుండె కిందనుంచి పోతుంది. మీ నాన్న కాపీలో ఇదంతా పలచగా ఉండేది, దుప్పటి చాటునుంచి విన్నట్టు. ఉన్నమాట చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. పాత సామాన్లన్నీ గొప్పవే అయితే నా దగ్గరికి వచ్చేవాళ్ళు పాత పళ్ళతోనే ఉండిపోయేవాళ్ళు.

నీ దాంట్లో నా దాంట్లో లేనిదేముందో రాయి చూద్దాం. మొదటి అచ్చు, మొదటి అచ్చు అని అట్టని ముద్దుపెట్టుకోవడం కాదు.

మీ అక్క నిన్ను ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమంటోంది.

నీ బావ


ఏప్రిల్ 25

బావగారికి,

గ్లాసులో నీళ్ళు వణికితే అది సంగీతం కాదు, లారీ వెళ్ళినా వణుకుతాయి. మీ కొత్త అచ్చుని శబ్దం పెంచి తయారు చేశారు. గట్టిగా ఉన్నదల్లా గొప్పగా ఉన్నట్టు అనిపించడం ఎవరికైనా సహజమే. నా దుకాణంలోనూ రోజూ చూస్తాను. అక్షరం కొంచెం నల్లగా కనబడగానే 'ఇదే బాగుంది' అంటారు. నిజానికి ముందు పెట్టిన అద్దమే సరైనది.

నా కాపీలో ఏముందో చెబుతాను. రెండో పక్క చివర అన్నీ ఒక్కొక్కటే విరమించుకుంటాయి కదా. మొదట డ్రమ్ములు, తర్వాత గిటార్, చివరికి వేణువు ఒక్కటే మిగిలి అదీ ఆగుతుంది. అక్కడితో అయిపోయిందనుకుని అందరూ లేచిపోతారు. కానీ అయిపోలేదు. కాస్త నిశ్శబ్దం తర్వాత ఒక చిన్న గంట మోగుతుంది. ఒకే ఒక్కసారి. చేతిగంట, వేలెడంత ఉంటుందేమో. అది ఆగిపోతుందనుకుంటే ఆగదు, సన్నగా, సన్నగా, అట్లా వెళ్ళిపోతూనే ఉంటుంది. ఇక ఉందో లేదో తెలియనప్పుడు సూది లోపలి గాడిలో పడుతుంది.

మీ అచ్చులో ఆ గంట ఉందా? ఉంటే అదే నిడివి ఉందా?

ఇంకో మాట. నాన్న మంచాన పడకముందు రెండేళ్ళు ప్రతి ఆదివారం మీ ఇంటికే వచ్చారు. ఆయన ఇంటికి నా ఇల్లు నాలుగు వీధుల అవతలే, అయినా బస్సెక్కి మీ ఊరే వచ్చేవారు. 'బావగారి కుర్చీలు మెత్తగా ఉన్నాయేమో' అని నేను నవ్వుతూ అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం లోపల భగ్గుమనేది. ఇప్పుడూ మంటుంది. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

మీ బావమరిది


మే 12

ఒరేయ్,

ఆలస్యానికి కారణం ఉంది. నీ గంట కోసం వెతుకుతున్నాను.

నా కొత్త అచ్చులో గంట లేదు. వేణువు ఆగాక ఏమీ లేదు. పక్కకి తిరిగి విన్నాను, స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని విన్నాను. నన్ను ఆ భంగిమలో చూసి పనిమనిషి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ అచ్చు తయారు చేసినవాళ్ళు గంటని తుడిచేశారనుకుని, ఇంకో దేశపు అచ్చు తెప్పించాను. అట్ట నడుంచుట్టూ కాగితపు పట్టీ ఉండే రకం. అవి చాలా శుభ్రంగా ఉంటాయని అందరూ అంటారు. శుభ్రంగానే ఉంది, కానీ దాంట్లోనూ గంట లేదు. మళ్ళీ ఇంకొకటి, సన్న డిస్కు, చవక రకం, అదీ కొన్నాను. అందులోనూ లేదు.

మూడు అచ్చుల్లో లేనిది నీ ఒక్కదాంట్లో ఎలా ఉంటుంది? నాకనిపిస్తోంది, అది గంట కాదు, నీ ప్లేయరు అరిగిన సూది చేసే కీచు. ఒక్క సాక్ష్యంతో పందెం తేలదు. ఇంకొకటి చూపించు. లేదా నీ డిస్కు పంపు, మామయ్యగారి ప్లేయరు మీద వేసి చూస్తాను.

దాచడం ఎందుకు, నాకు ఒళ్ళు మండిపోతోంది. రోజంతా ఒకరి నోట్లో డ్రిల్లు పెట్టి కూడా ఆ గంట గురించే ఆలోచిస్తున్నాను. ఈ మధ్య వచ్చే జనం కూడా ఒక్కరూ సరిగ్గా మాట్లాడరు, నోట్లో నోట్లోనే గొణుగుతారు, ఏ పన్ను నొప్పో నాలుగుసార్లు అడగాలి. నర్సు విసుక్కుంటోంది. ఇంటికొస్తే మీ అక్క, కుక్కరు కూత వేస్తున్నా కదలకుండా కూర్చున్నారేమిటని తగవు. నీ గంట నా బుర్రలో కూర్చున్నాక కుక్కరెక్కడ వినబడుతుంది?

నీ బావ


మే 20

బావగారికి,

డిస్కు పంపను. మొదటి అచ్చుని పోస్టులో వెయ్యడమంటే చంటిపిల్లని సంచిలో పెట్టి బస్సెక్కించడమే. పైగా మీ చేతికి వచ్చింది తిరిగొస్తుందన్న నమ్మకం నాకు లేదు. మా నాన్నే తిరిగి రాలేదు.

సూది అరిగిందట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నా సూది మొన్ననే మార్చాను. గంట ఇంకా బాగా మోగుతోంది.

రెండో సాక్ష్యం కావాలన్నారుగా, తీసుకోండి. గంట సగంలో ఉండగా, ఎడమ స్పీకరు వైపునుంచి, ఒక కుర్చీ కిర్రుమంటుంది. బరువైన మనిషి లేచినట్టు. పేముకుర్చీ అయ్యుండాలి. మొదట చిన్నగా ఒకసారి, లేవగానే కాస్త గట్టిగా మరోసారి. వాయించినవాళ్ళలో ఎవరో పని అయిపోయిందని లేచినట్టున్నారు. ఇలాంటివి మొదటి అచ్చులోనే బతికుంటాయి. తర్వాతి అచ్చుల్లో తుడిచేస్తారు.

మీ మూడు కాపీల్లోనూ వెతకండి. దొరకదు. ప్లేయరు చుట్టడానికి పాత దుప్పట్లు ఉన్నాయేమో అక్కని అడగండి.

మీ బావమరిది


జూన్ 6

బావమరిదీ,

దుప్పట్లు బీరువాలోనే ఉండనీ. దొరికింది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మీ అక్క బజారుకి వెళ్ళినప్పుడు కాగితపు పట్టీ అచ్చు పెట్టాను. వేణువు ఆగింది. గంట షరా మామూలే, లేదు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పిన చోటే, ఎడమ వైపునుంచే, కుర్చీ కిర్రుమంది. ముందు చిన్నగా, తర్వాత గట్టిగా. మిగతా రెండు కాపీలు కూడా పెట్టాను. వాటిలోనూ ఉంది. అసలు ఇన్నాళ్ళూ నా చెవికి ఎందుకు ఆనలేదో తెలియదు.

కాబట్టి నీ కుర్చీ నా దగ్గరా ఉంది. కుర్చీ తుడవనివాళ్ళు గంట ఎందుకు తుడుస్తారు? గంట నీ సూదే. పందెం సమానం.

ఇవాళ చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. మీ అక్క అనుమానంగా చూసింది.

నీ బావ


జూన్ 13

బావగారికి,

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళ కంటికి ఒక అద్దం పెట్టి, తీసి, మళ్ళీ అదే అద్దం పెట్టి 'ఇప్పుడెలా ఉంది' అని అడుగుతాను. కొందరు వెంటనే 'ఆహా, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది' అంటారు. అప్పుడు నాకు తెలిసిపోతుంది, ఈయన కంటితో కాదు, నా మెప్పు కోసం చెబుతున్నాడని. ఇక ఆయన చెప్పే ఏ జవాబూ నేను రాసుకోను.

కుర్చీ లేదు బావగారూ. ఏ అచ్చులోనూ లేదు. ఆ రోజు ఒళ్ళు మండి, అప్పటికప్పుడు పుట్టించి రాశాను. మీరు దాన్ని ఒకటికి మూడు కాపీల్లో విన్నారు. ముందు చిన్నగా, తర్వాత గట్టిగా.

ఉన్న గంట వినబడదు, లేని కుర్చీ వినబడుతుంది. రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ మా నాన్న కూర్చోబెట్టి చెప్పింది ఇందుకా? చెవిటివాడి ముందు శంఖం ఊదారు పాపం. గోడ ఇవతల ఉన్నవాడికి చెప్పి ఉంటే ఏమైనా పనికొచ్చేది.

పందెం ముగిసింది. ప్లేయరు పంపించండి. సూది చేతిని దారంతో కట్టడం మరిచిపోకండి.

మీ బావమరిది


జూన్ 30

బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క చేతిలో పడింది. చదివి మడిచి పెట్టింది. నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి, మూడు అచ్చులూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, గంట మోగినప్పుడు చెయ్యెత్తుతానంది. ఆమెకి ఈ పాటలంటే తలనొప్పి, నీకు తెలుసు. మొదటి దానికి ఎత్తింది. రెండో దానికి ఎత్తింది. చవక దానికి కూడా ఎత్తింది, చాలాసేపు దించలేదు. నేను ఆ చెయ్యి చూస్తూ కూర్చున్నాను. నాకేమీ వినబడలేదు. తర్వాత నా వెనక నిలబడి చెంచాతో గాజు గ్లాసు మీద కొట్టిందట. కొట్టానని చెబితేనే తెలిసింది.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నేను చేసే పనేమిటని అడిగి, డ్రిల్లు అనగానే తల ఊపాడు. సన్నటి శబ్దాలన్నీ ఎప్పుడో పోయాయి. లావు శబ్దాలు మిగిలాయి, అందుకే గ్లాసులో నీళ్ళు వణికే అచ్చు నాకంత నచ్చింది. పోయినవి రావన్నాడు. ఫోనులో నువ్వు గొణగలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళూ గొణగలేదు. శంఖం సంగతి రాశావు చూడు, అది అక్షరాలా నిజం.

ఇక ఆ ఆదివారాల సంగతి. నీకు తెలియదు గనక చెబుతున్నాను. ప్రతి వారం రెండో పక్క చివర మామయ్యగారు వేలు పైకెత్తి నావైపు చూసేవారు. నేను తెల్లమొహం వేసేవాణ్ణి. ఆయన నవ్వి, 'మావాడైతే ఈపాటికి లేచి కూర్చునేవాడు' అనేవారు. ఒక్క ఆదివారం తప్పలేదు ఆ మాట. ఎందుకు మావాడైతే అంటారో, మీవాణ్ణే పిలుచుకోవచ్చుగా అని ఒకరోజు విసుగ్గా అడిగాను. 'వాడు గోడవతల ఉంటే చాలు, వాడికి అన్నీ వినబడతాయి. నీకే పక్కన కూర్చుని చెప్పాలి' అన్నారు. ఆ రోజు ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. నువ్వు కూడా కుళ్ళుకుంటున్నావని నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

కుర్చీ మాట. నేను అబద్ధం చెప్పలేదురా. నాకు వినబడింది. నువ్వు కల్పించానన్నాక కూడా పెట్టి చూశాను. ఇప్పటికీ వినబడుతోంది. మీ అక్కతో ఆ మాటంటే, ఎలా ఉంటుంది ఆ చప్పుడు అంది. చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. 'నాన్న పేముకుర్చీ అది. గంట పూర్తిగా ఆగకముందే సూది ఎత్తడానికి లేచేవారు. మన ఇంటికి రావడం మొదలుపెట్టాక అదే కుర్చీ ఇక్కడికి తెప్పించుకున్నారుగా. వాడు కల్పించలేదు. ఎక్కడిదో వాడికి గుర్తులేదంతే' అంది.

ఇప్పుడు పందెం చూడు. గంట నీకు వినబడింది, నాకు వినబడలేదు. కాబట్టి ప్లేయరు నీది. కుర్చీ నాకు వినబడింది, నీకు వినబడలేదు. కాబట్టి డిస్కు నాది. ఇద్దరం గెలిచాం. మళ్ళీ ఎద్దు ఒకడికి, కాడి ఒకడికి.

దుప్పట్లు బయటికి తీసి పెట్టాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ బావ


జులై 8

బావకి,

దుప్పట్లు లోపల పెట్టెయ్యండి.

మీ ఉత్తరం దుకాణంలో నిలబడి చదివాను. బేరానికి వచ్చినాయన కళ్ళజోడు ముక్కు మీద అలాగే పెట్టుకుని, నేనేమంటానా అని చూస్తూ ఉండిపోయారు. శంఖం మాట రాసిన చేతిని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. క్షమించమని అడగడం కూడా చిన్నమాటే.

ఇంటికొచ్చి రెండో పక్క పెట్టాను. వేణువు ఆగింది. గంట మోగింది, ఎప్పటిలాగే సన్నగా వెళ్ళిపోయింది. నేను కుర్చీ కోసం చూశాను. వినబడలేదు. ఆ రోజునుంచీ రోజూ పెడుతున్నాను. కళ్ళు మూసుకుని విన్నాను, దీపం ఆర్పి విన్నాను, చివరికి పిల్లలని బయటికి పంపి వెనక గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని గోడ ఇవతలనుంచి కూడా విన్నాను. అన్నీ వినబడుతున్నాయి. కుర్చీ ఒక్కటే వినబడటం లేదు. ఆయన నా తండ్రి. కిర్రుమని లేచేది మాత్రం మీ ఇంట్లో. నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది బావా, ఇది పోయేది కాదు.

అందుకని నేనే శనివారం వస్తున్నాను. డిస్కు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటాను. ప్లేయరు ఉన్నచోటే ఉండనివ్వండి, దాని పక్కన రెండు కుర్చీలు వేయించండి.

గంట మోగగానే మీ మోకాలి మీద చెయ్యి వేస్తాను. ఆగేదాకా తియ్యను. ఆ తర్వాత కుర్చీ ఎప్పుడు కిర్రుమందో మీరు నాకు చెప్పాలి.

మీ బావమరిది